వాన లెక్క నుంచి పొలం గట్టు దాకా: వరద ముప్పు అంచనాలో యువ శాస్త్రవేత్తలకు శిక్షణ

2012 అక్టోబరు 31న నీలం తుఫాను తమిళనాడులోని మహాబలిపురం వద్ద తీరం దాటింది. యలమంచిలి అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. తుఫాను తీరం దాటిందన్న వార్త వినగానే ఉత్తర కోస్తా రైతు కుదుటపడడం సహజమే. కాని ఆ తుఫాను బలహీనపడిన తరువాతే, నవంబరు తొలి రోజులలో, కోస్తా జిల్లాలలో ఎడతెరిపి లేని వానలు కురిశాయి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఏరులు, గెడ్డలు పొంగి పల్లపు పొలాలను ముంచాయి. స్వాతి కార్తెలో, వరి ఈని గింజ పట్టే వేళ వచ్చిన ముంపు అది.

దానికి రెండేళ్ళు నిండకముందే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరాన్ని తాకింది. ఈసారి ముందు వచ్చినది గాలి. గంటకు 180 కిలోమీటర్ల వేగానికి చేరిన ఆ గాలికి చెరకు తోటలు నేలకొరిగాయి. కొబ్బరి, జీడిమామిడి, మామిడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి.

రెండూ బంగాళాఖాతంలో పుట్టిన తుఫానులే. రెండింటికీ భారత వాతావరణ శాఖ సూచనలు ఉన్నాయి. అయితే రైతు చేయవలసిన పని మాత్రం రెండు సందర్భాలలోనూ ఒకటి కాదు. ఒకదానిలో మురుగు కాలువ తెరవాలి, మరొకదానిలో చెరకుకు ఆసరా కట్టాలి. ‘తుఫాను వస్తున్నది, జాగ్రత్త’ అన్న మాటకూ, ‘మీ పొలంలో ఈ పని రేపు సాయంత్రంలోగా ముగించండి’ అన్న మాటకూ నడుమ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని నడవడం నేర్పడమే యువ వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఇవ్వవలసిన శిక్షణ. పటం చదవడం అందులో తొలి మెట్టు మాత్రమే. ఆ శిక్షణలో ఏయే అంశాలు ఉండాలో యలమంచిలి పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

నీరు నడిచే దారి

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో యలమంచిలి ఒక పట్టణం. పడమట తూర్పు కనుమలు, తూర్పున సముద్రం; మధ్యనున్న మైదానం వెడల్పు తక్కువ. కొండలలో పుట్టిన శారద నది రైవాడ జలాశయం దాటి అనకాపల్లి మీదుగా సాగి, రాంబిల్లి వైపు దిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. లక్క బొమ్మలకు పేరుపొందిన ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. ఇవికాక చిన్న గెడ్డలు, వరుస చెరువులు, కొండకర్ల ఆవ వంటి లోతట్టు నీటి నెలవులు ఈ ప్రాంతమంతటా కనిపిస్తాయి.

ఇటువంటి నేలలో వరదకు మూడు లక్షణాలు ఉంటాయి. మొదటిది వేగం: కొండవాలు నిటారుగా, నది పొడవు తక్కువగా ఉన్నందున ఎగువన కురిసిన వాన రోజుల తరబడి ప్రయాణించదు, గంటలలోనే దిగువకు చేరుతుంది. గోదావరి వరద భద్రాచలం వద్ద కనిపించిన తరువాత డెల్టాకు చేరడానికి కొంత వ్యవధి ఉంటుంది. చిన్న నదులకు ఆ వ్యవధి లేదు. రెండవది అడ్డంకి: చెన్నై–హౌరా రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి తీరానికి ఇంచుమించు సమాంతరంగా సాగుతాయి, నీరు పడమటి నుంచి తూర్పుకు పోవాలి. కల్వర్టు ఇరుకైనా, తూటికాడతో పూడినా కట్టకు ఎగువనున్న పొలం చెరువవుతుంది. మూడవది సముద్రపు పోటు: తుఫాను సమయంలో సముద్ర మట్టం లేచినపుడు నది ముఖద్వారం నీటిని తీసుకోదు, దిగువ పొలాలలో ముంపు రోజులు పెరుగుతాయి.

కాబట్టి ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త చేతికి ముందుగా ఇవ్వవలసినది కంప్యూటరు కాదు, గ్రామ పటం. దానిపై ఏ చెరువు అలుగు పారితే నీరు ఏ చెరువుకు పోతుంది, ఏ గెడ్డ ఏ కల్వర్టు గుండా దాటుతుంది, ఎక్కడ గండి పడిన చరిత్ర ఉంది అన్న వివరాలను స్వయంగా నడిచి గుర్తించాలి. ఒక వానాకాలం ముందు, ఒక వానాకాలం తరువాత ఈ నడక సాగితే కాగితంపై గీతలకు అర్థం తెలుస్తుంది.

ముప్పు అంటే వాన ఒక్కటే కాదు

వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం నష్టభయాన్ని మూడు అంశాల కలయికగా చూస్తుంది. ఒకటి ప్రకృతి నుంచి వచ్చే విపత్తు: వాన, గాలి, ఉప్పెన. రెండు, ఆ విపత్తు దారిలో ఉన్నవి: పైరు, పశువు, ఇల్లు, మనిషి. మూడు, వాటి తట్టుకోలేనితనం: పైరు దశ, నేల స్వభావం, మురుగు సౌకర్యం, రైతు ఆర్థిక స్థితి. వాన ఎంత కురిసినా దాని దారిలో పైరు లేనపుడు పంట నష్టం లేదు. కొద్దిపాటి వానే అయినా కోసిన పనలపై పడితే నష్టం పెద్దది.

వాతావరణ శాఖ లెక్క ప్రకారం 24 గంటలలో 64.5 నుంచి 115.5 మి.మీ. వరకు కురిస్తే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 మి.మీ. వరకు అతి భారీ వర్షం. అంతకు మించితే అత్యంత భారీ వర్షం. ఒకే 150 మి.మీ. వాన మూడు వేర్వేరు నెలలలో ఒకే వరి పొలంపై కురిసిందనుకుందాం.

ఆగస్టులో పైరు ఊడ్చి రెండు వారాలు దాటి ఉండదు. నీరు త్వరగా దిగితే పైరు కోలుకుంటుంది. మిగిలిన నారుతో ఖాళీలు నింపవచ్చు. నష్టం ప్రధానంగా నారు, కూలి ఖర్చుల మేరకే.

అక్టోబరు రెండవ పక్షంలో పైరు ఈనిక దశలో ఉంటుంది. ఎడతెగని వానకు పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. ఆ దశ తిరిగి రాదు కనుక జరిగిన నష్టాన్ని తరువాతి యాజమాన్యంతో పూర్తిగా పూడ్చడం సాధ్యం కాదు.

నవంబరు చివరలో పంట కోసి పనల మీద ఉంటుంది. అప్పటికి పెట్టుబడి అంతా నేలలో పడింది. గింజ తడిసి రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. పడిపోయిన లేదా పనల మీద ఉన్న వరిపై 5 శాతం ఉప్పు ద్రావణాన్ని, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయడం అప్పటికి మిగిలిన ఉపాయాలలో ఒకటి.

వాన మారలేదు, పొలం మారలేదు. మారినది పైరు దశ. వాతావరణ పటంలో ఎర్ర రంగు కనబడగానే నష్టం అంచనా వేయబూనే విద్యార్థికి ఈ అభ్యాసం తప్పనిసరి.

రకం ఎంపిక విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే దేశవాళీ వరి నుంచి గుర్తించిన సబ్1 జన్యువును మన స్వర్ణ రకంలోకి చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్1 2009లో మన దేశంలో విడుదలయింది. పూర్తిగా మునిగినపుడు ఈ మొక్క ఎదుగుదలను అదుపులో ఉంచుకొని, పిండి పదార్థాన్ని పొదుపు చేసుకొని, దాదాపు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. అయితే ఈ రక్షణ ప్రధానంగా పిలక దశ వరకే. ఈనిన తరువాత వచ్చే ముంపుకు, నెలల తరబడి నిలిచే నీటికి ఇది జవాబు కాదు. ‘ముంపును తట్టుకునే రకం’ అన్న మాటను ఏ దశలో, ఎంత లోతులో, ఎన్ని రోజులు అన్న మూడు ప్రశ్నలు లేకుండా సలహాలో వాడరాదు.

చెరకు సంగతి వేరు. అనకాపల్లిలో 1913లో ప్రారంభమైన పరిశోధనా స్థానం ఈ పంటతోనే పేరు తెచ్చుకుంది. అక్టోబరు నాటికి తోట ఎత్తుగా ఎదిగి ఉంటుంది కనుక చెరకుకు గాలి పెద్ద శత్రువు. జడచుట్లు సకాలంలో కట్టిన తోట పడిపోవడం తగ్గుతుంది. నీరు నిలిస్తే మరొక ప్రమాదం పొంచి ఉంటుంది: ఎర్రకుళ్ళు తెగులు వరద నీటితో ఒక తోట నుంచి మరొక తోటకు పాకుతుంది. ఈ నష్టం వరద తీసిన రోజున కనబడదు. అందుచేత చెరకు తోటల నష్టం అంచనాను కొన్ని వారాల తరువాత రెండవసారి కూడా చేయాలని శిక్షణలో నేర్పాలి.

చేతితో చేయవలసిన లెక్కలు

నేటి యువ శాస్త్రవేత్తల వద్ద శక్తిమంతమైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అయినా కొన్ని లెక్కలను ఒకసారైనా చేతితో చేసినవారికే యంత్రం ఇచ్చిన జవాబులోని తప్పు తెలుస్తుంది.

మొదటి లెక్క చాలా చిన్నది. ఎకరం నేలపై ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్ల నీరు. 100 మి.మీ. వాన అంటే ఎకరానికి 4 లక్షల లీటర్లు. ఈ నీరంతా ఏ కాలువ గుండా, ఎన్ని గంటలలో బయటికి పోవాలి అని అడిగిన వెంటనే మురుగు కాలువ విలువ అర్థమవుతుంది.

రెండవది పారు నీటి లెక్క. కురిసిన వానలో కొంత నేలలో ఇంకుతుంది, మిగిలినది పారుతుంది. ఎంత పారుతుందో అంచనా వేయడానికి నేల, పైరు, తేమల ఆధారంగా ఒక వక్రరేఖ సంఖ్యను తీసుకొనే పద్ధతి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఆ సంఖ్య 80గా ఉన్న నేలపై 100 మి.మీ. వాన కురిస్తే సుమారు 50 మి.మీ. పారుతుంది. అంతకు ముందు నాలుగైదు రోజులు ముసురు పట్టి నేల నాని ఉన్నపుడు అదే నేలకు సంఖ్య 90కి చేరుతుంది. అప్పుడు అదే 100 మి.మీ. వానలో సుమారు 73 మి.మీ. పారుతుంది. కురిసిన వాన ఒకటే అయినా వరద ఒకటిన్నర రెట్లకు దగ్గరయింది. ‘పోయినసారి ఇంత వానకు ఏమీ కాలేదు కదా’ అన్న ధీమా ఎందుకు పనికిరాదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. రేపటి వానతో పాటు గత వారపు వానను కూడా చూడాలన్నది ఇందులోని పాఠం.

మూడవది పునరావృత కాలం. ‘నూరేళ్ళ వరద’ అనే మాటను విని, ఒకసారి వస్తే మళ్ళీ నూరేళ్ళ దాకా రాదని అనుకునేవారు చదువుకున్నవారిలోనూ ఉన్నారు. ఆ మాటకు అర్థం, ఏ సంవత్సరంలోనైనా అంతటి వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందని మాత్రమే. 30 సంవత్సరాల కాలంలో కనీసం ఒకసారైనా అది వచ్చే అవకాశం సుమారు 26 శాతం. అదే 25 ఏళ్ళ వరద, పదేళ్ళలో ఒకసారైనా వచ్చే అవకాశం దాదాపు 34 శాతం. పంట రుణం తీసుకునే రైతుకు ఇది చిన్న సంఖ్య కాదు.

పైగా ఈ లెక్కలన్నీ గతం వంటిదే భవిష్యత్తు అన్న ఊహపై నిలిచినవి. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందువల్ల మొత్తం వానలో పెద్ద తేడా లేకపోయినా, తక్కువ గంటలలో ఎక్కువగా కురిసే ధోరణి పెరగడానికి వీలుంది. అయినా ఒక మండలంలో వాన తీరు మారిందని చెప్పాలంటే కనీసం 30 ఏళ్ళ రోజువారీ వివరాలు చూడాలి. రెండు చెడ్డ సంవత్సరాలను చూసి వాతావరణ మార్పు అనడం, ఒక మంచి సంవత్సరాన్ని చూసి మార్పే లేదనడం, రెండూ శాస్త్రానికి తగవు.

పరికరం చూపేది, చూపనిది

వర్షమాపకం చిన్న పరికరమే గాని దాని స్థానం తప్పితే ఏళ్ళ తరబడి లెక్క తప్పుతుంది. సమీపంలోని చెట్టు లేదా గోడ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో దానిని నెలకొల్పాలి. మన దేశంలో రోజువారీ వానను ఉదయం 8.30 గంటలకు కొలుస్తారు. కాబట్టి 3వ తేదీన నమోదైన వాన చాలావరకు 2వ తేదీన కురిసినది. ఈ చిన్న విషయాన్ని మరచి నది మట్టం వివరాలతో పోల్చితే, వరద వాన కంటే ముందే వచ్చినట్లు కనిపించే వింత ఫలితాలు వస్తాయి.

ఉపగ్రహ చిత్రాల వాడకంలోనూ మెలకువ అవసరం. తుఫాను మేఘాల కింద మామూలు కెమెరా నేలను చూడలేదు. రాడార్ ఉపగ్రహం మేఘం గుండా కూడా చూస్తుంది. నిలిచిన నీరు దాని చిత్రంలో నల్లగా కనబడుతుంది. అయితే ఊడ్పుల కాలంలో నీరు పెట్టిన వరి మడి కూడా నల్లగానే ఉంటుంది. వరదకు ముందటి చిత్రంతో పోల్చకుండా నల్లని నేలనంతా ముంపుగా లెక్కిస్తే రైతు కావాలని పెట్టుకున్న నీరు కూడా నష్టం పద్దులో చేరుతుంది. మరోవైపు, ఎదిగిన పైరు కింద దాగిన నీటిని రాడార్ గుర్తించలేకపోవచ్చు. పొలానికి వెళ్ళి చూడడం ఈ రెండు పొరపాట్లకూ మందు.

సూచనలోని మాటలకు కూడా కొలతలు ఉన్నాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో 25 శాతానికి మించకుండా అని అర్థం. తన ఊరిలో వాన పడలేదు కనుక సూచన తప్పిందని రైతు అనుకుంటే, ఆ మాట అర్థాన్ని విప్పి చెప్పని బాధ్యత మనదే.

చరిత్ర నేర్పిన పద్ధతి

వరదను అంకెలతో ప్రశ్నించే సంప్రదాయం మన దేశంలో కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచి వేలాది ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలోని నదీతీరాన్ని మాత్రమే చూసి ఊరుకోలేదు. ఎగువ పరీవాహక ప్రాంతపు వానను, అక్కడి వందలాది చెరువుల స్థితిని పరిశీలించారు. ఒక చెరువు తెగిన నీరు దిగువ చెరువును తెంచిన వైనం ఆ పరిశీలనలో తేలింది. ఎగువన జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, తరువాతి హిమాయత్ సాగర్. చెరువుల గొలుసులు ఉన్న యలమంచిలి వంటి ప్రాంతానికి ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది: ముప్పు నదిలోనే ఉండదు, బలహీనమైన చెరువు గట్టులోనూ ఉంటుంది.

1920వ దశకంలో యువ గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఒడిశా వరదలను పరిశీలించారు. నది అడుగు మేట వేసి పైకి లేచినందువల్ల వరదలు వస్తున్నాయనీ, కట్టల ఎత్తు పెంచాలనీ అప్పటి ఇంజనీర్లు నమ్మారు. ఏళ్ళ తరబడి వివరాలను విశ్లేషించిన మహలనోబిస్ నది అడుగు చెప్పుకోదగినంతగా లేవలేదని, ఎగువన కురిసిన అసాధారణ వానే వరదకు కారణమని చూపారు. అందరూ అంగీకరించిన కారణాన్ని కూడా కొలిచి చూడాలన్నది యువ శాస్త్రవేత్తలు ఇక్కడ గ్రహించవలసిన విషయం.

ఇటీవలి ఉదాహరణ మన కళ్ళ ముందే ఉంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. రాష్ట్రమంతా ఆ అంకెనే గమనిస్తుండగా, విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలను ముంచినది గండ్లు పడిన బుడమేరు. పెద్ద నదికి కొలమానాలు, కాపలా ఉంటాయి. చిన్న వాగుకు ఉండవు. యలమంచిలి చుట్టూ ఉన్నవి ఎక్కువగా చిన్న వాగులే.

ఊరి జ్ఞాపకం అనే గ్రంథం

కొలమానం లేని వాగుకు ఉన్న ఆధారం ఊరి జ్ఞాపకం. ‘1990లో వరద నీరు ఈ రావిచెట్టు అరుగు దాకా వచ్చింది’ అన్న ముసలాయన మాటను, గోడపై మిగిలిన నీటి చారికను, పశువులను ఏ మెరకకు తోలారన్న వివరాన్ని నమోదు చేసి, మట్టం కొలిచే పరికరంతో ఎత్తు చూస్తే అది శాస్త్రీయ వివరమవుతుంది. జ్ఞాపకం సంవత్సరాన్ని తప్పుగా చెప్పవచ్చు. నీరు ఆగిన చోటును తప్పుగా చెప్పడం అరుదు. అయినా ఒకే సాక్ష్యంపై ఆధారపడక, ముగ్గురు నలుగురిని వేర్వేరుగా అడగాలి. భూమి ఉన్నవారిని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. కౌలు రైతులు, నాట్లు వేసే స్త్రీలు, కాలువ గట్టున నివసించేవారు, రేవులలోని మత్స్యకారులు మిగిలిన సగం చెబుతారు.

వ్యవసాయ పట్టభద్రుల చదువులో గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం ఇప్పటికే భాగంగా ఉంది. చివరి సంవత్సరపు విద్యార్థులు ఊళ్ళో ఉండి రైతుతో పని చేసే ఆ రోజులలో, ప్రతి జట్టు తన ఊరికి ఒక వరద పుస్తకం తయారుచేస్తే ఏటేటా వందలాది గ్రామాల వివరాలు విశ్వవిద్యాలయానికి సమకూరుతాయి. దీనికి కొత్త వ్యవస్థ అక్కరలేదు.

ఊరి మాట వినడంలో యలమంచిలి ప్రాంతానికి ఒక మంచి పూర్వోదాహరణ ఉంది. అమెరికాలో ఉన్నత పరిశోధన ముగించి స్వగ్రామం దిమిలికి తిరిగివచ్చిన డాక్టర్ బి.వి. పరమేశ్వరరావు ఊరివారు కోరుకున్న ఉన్నత పాఠశాలతో తన పని ప్రారంభించారు. 1976లో యలమంచిలి కేంద్రంగా భాగవతుల ఛారిటబుల్ ట్రస్టు ఏర్పడింది. తాను నేర్చినది చెప్పడానికి ముందు, ఊరికి ఏమి కావాలో అడిగిన శాస్త్రవేత్త ఆయన.

సలహాకు కూడా ఖర్చు ఉంది

వ్యవసాయ వాతావరణ సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాలలో వెలువడుతున్నాయి. అనకాపల్లి పరిశోధనా స్థానంలోని క్షేత్ర విభాగం వంటివి ఈ పని చేస్తున్నాయి. కృషి విజ్ఞాన కేంద్రాలలో నెలకొల్పిన జిల్లా స్థాయి వ్యవసాయ వాతావరణ విభాగాలు 2024లో నిలిచిపోయాయి. అందుచేత మండలానికి, ఊరికి తగినట్లు సలహాను మలిచే భారం మిగిలిన శాస్త్రవేత్తలపై, రైతు సేవా కేంద్రాల సిబ్బందిపై పెరిగింది. వారికి శిక్షణ అవసరం అంతకంతకూ ఎక్కువవుతున్నది.

సలహా ఉచితమని అనుకోరాదు. దానిని పాటించడానికి రైతుకు ఖర్చవుతుంది. ఉదాహరణకు, వాన రాకముందే పనలు తీసి కుప్ప వేసి కప్పడానికి ఎకరానికి 2,000 రూపాయలు అవుతుందనీ, చేయకుండా వాన పడితే 20,000 రూపాయల నష్టమనీ అనుకుందాం. ఖర్చును నష్టంతో భాగిస్తే 10 శాతం. అంటే వాన అవకాశం 10 శాతం దాటినప్పటి నుంచీ కుప్ప వేయడమే లాభం. అదే ఖర్చు 10,000 రూపాయలయ్యే పనికి, వాన అవకాశం 50 శాతం దాటితే తప్ప ఆ సలహా తగదు. ఒకే సూచనపై ఒక రైతు కదలడం, మరొక రైతు ఆగడం రెండూ సరైనవే కావచ్చు. చేతిలో రొక్కం లేని కౌలు రైతు సలహా పాటించలేకపోతే దానిని నిర్లక్ష్యమని రాయరాదు. తట్టుకోలేనితనంలో అది ఒక భాగం.

కాబట్టి మంచి సలహాలో నాలుగు విషయాలు ఉండాలి: ఏ నేలకు, ఏ దశలోని పైరుకు, ఏ పని, ఎప్పటిలోగా. ‘రైతులు తగు జాగ్రత్తలు తీసుకోవాలి’ అన్న వాక్యంలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

తప్పును దాచని అలవాటు

శిక్షణలో కష్టమైన భాగం సొంత అంచనాను తానే పరీక్షించుకోవడం. ఒక కాలంలో భారీ వాన కురిసిన రోజులు 10 అనుకుందాం. వాటిలో 7 ముందుగా చెప్పగలిగాం, 3 చెప్పలేకపోయాం. చెప్పినా కురవని రోజులు మరో 5. అప్పుడు పట్టుకోగలిగినది 70 శాతం. మనం ఇచ్చిన 12 హెచ్చరికలలో 5, అంటే దాదాపు 42 శాతం వృథా. మొదటి అంకెను పెంచాలని ప్రతి మబ్బుకూ హెచ్చరిస్తే రెండవ అంకె పెరుగుతుంది, రైతు నమ్మకం తరుగుతుంది. రెండు అంకెలనూ పక్కపక్కన ప్రకటించే శాస్త్రవేత్త మాటకే విలువ నిలుస్తుంది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు పదివేల మంది మరణించారు. ఆనాటికీ నేటికీ తుఫాను సూచనలలో, ప్రజలను తరలించే ఏర్పాట్లలో వచ్చిన మార్పు ఎంతో గొప్పది. మనుషులను కాపాడడంలో సాధించిన ఆ ప్రగతి పంటల విషయంలో ఇంకా రాలేదు. మనిషిని గట్టు దాటించడానికి ఒక్క మాట చాలు, పొలాన్ని కదపలేము. పొలానికి పొలానికీ జవాబు వేరుగా వెతకాలి.

ఏడాది శిక్షణ: ఒక నమూనా

పై అంశాలను ఒక సంవత్సర కాలానికి ఇలా అమర్చుకోవచ్చు:

• ఏప్రిల్–మే: గ్రామ పటంతో నడక, చెరువు గట్లు, అలుగులు, కల్వర్టుల నమోదు, పాత వరద మట్టాల సేకరణ.

• జూన్–జూలై: వర్షమాపక వివరాల పరిశీలన, 30 ఏళ్ళ వాన విశ్లేషణ, పారు నీటి, పునరావృత కాలపు లెక్కలు చేతితో చేయడం.

• ఆగస్టు–సెప్టెంబరు: రాడార్ చిత్రాల అధ్యయనం, చిత్రంలోని ముంపును పొలంలో సరిచూడడం, పైరు దశల పట్టిక తయారీ.

• అక్టోబరు–డిసెంబరు: అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఊరికి తగిన సలహాలు రాయడం, వాటిని ఎందరు పాటించారో, పాటించనివారికి అడ్డు ఏమిటో తెలుసుకోవడం.

• జనవరి–ఫిబ్రవరి: సొంత అంచనాల పరీక్ష, చెరకు తోటలలో రెండవ విడత నష్టం అంచనా, ఫలితాలను అదే ఊరి రైతుల ముందు ఉంచడం.

చివరి అంశం విడిచిపెట్టరానిది. ‘మేము ఇలా చెప్పాము, ఇది నిజమయింది, ఇది తప్పింది, కారణం ఇది’ అని రైతుల ఎదుట నిలిచి చెప్పగలిగిన యువ శాస్త్రవేత్తకు మరుసటి ఏడాది ఆ ఊరే వర్షమాపకమవుతుంది. గెడ్డ పెరిగినపుడు ఎగువ ఊరి నుంచి ఫోను ముందుగా వస్తుంది. శారద, వరాహ వంటి గంటల వ్యవధి మాత్రమే ఇచ్చే నదుల వద్ద, ఆ ఒక్క ఫోను పిలుపుతో దిగువనున్న రైతుకు మడి గట్టు తెంచి నీరు తీయడానికి, కోసిన పనలు మెరకకు చేర్చడానికి కావలసిన సమయం దొరుకుతుంది.